చుక్క దగ్గర తెగిన పేరు

మెయిల్ సేవల్లో కొత్తగా చేరే పిల్లలు కొందరు, ఆ రోజుల్లో మీరు చేసిన పని ఏమిటని నన్ను అడుగుతుంటారు. ఉత్తరాలు పంపడం అని చెబితే నవ్వుతారు. నవ్వాల్సిందే. పంపడం యంత్రం పని. పంపినది అవతలి మనిషి ముందు ఏ రూపంలో తెరుచుకుందో కనుక్కోవడం నా పని. మా పుస్తకాల్లో ఈ రెంటికీ తేడా ఉండేది కాదు. పని చేసే చోట ఉండేది. ఆ తేడా వల్ల ఒక పొద్దున తొండియార్‌పేటలో ఏం జరగబోయిందో రాస్తే, ఈ ఉద్యోగం గురించి నేను చెప్పగలిగినదంతా చెప్పినట్టే.

రాయపురం మేడ మీద

తొంభైల నడుమ మాట. మద్రాసు హార్బరుకు పోయే రోడ్డు మీద ఒక పాత మేడ. కింద వలలు, తాళ్లు అమ్మే అంగడి, పైన మా ఆఫీసు. చేపల వాసన ముక్కుకు అలవాటైపోయింది కానీ ఉప్పుగాలికి మోడెములు అలవాటు పడలేదు. పొద్దున రాగానే వాటి పిన్నులు తుడవడంతో పని మొదలయ్యేది.

మేం నడిపిన సేవ చెప్పడానికి తేలిక. మనలి వైపు ఫ్యాక్టరీల్లో సరుకు బండి గేటు దాటగానే ఆ వివరాలు మా యంత్రానికి వచ్చేవి. మా యంత్రం ఆ సరుకు చేరాల్సిన గోదాముకు వెంటనే ఒక మెయిల్ పంపేది: ఫలానా బండి బయల్దేరింది, దాన్ని ఎక్కడ, ఎలా దించుకోవాలో జతచేసిన ఫైలులో ఉంది అని. గోదాములో గుమాస్తా తమ టెలిఫోను లైనుకు మోడెము తగిలించి, మెయిలు దించుకుని, ఆ ఫైలు తెరిచి చూసుకునేవాడు. చూసుకున్నాడా లేదా అన్నది మాకు తెలిసే దారి లేదు, అతనే ఫోను చేసి తిట్టేదాకా.

మాది ఉత్తర మద్రాసులో తరతరాలుగా వ్యాపారం చేసిన ఇల్లు. పసుపు, మిరపకాయల మండీ. మా తాతగారు ధర పలికాకే పక్క అంగళ్లలో బేరాలు మొదలయ్యేవని పెద్దవాళ్లు చెప్పేవారు. నేను పెద్దయ్యేసరికి మండీ లేదు, వీధిలో దాని పేరు మాత్రం ఉంది. మా ఇంట్లో నెల జీతానికి వెళ్లిన మొదటివాణ్ణి నేనే. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, ఎవరి జాలీ పుచ్చుకోలేదు. జీతం మనిషినైనా కుర్చీలో నిటారుగానే కూర్చున్నాను.

మా మేనేజరు మోహన్ నాయుడు. ఎప్పుడో కోయంబత్తూరు వైపు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబం. తెలివైనవాడు, చురుకైనవాడు, ఖాతాదారు అడిగినదానికి కాదనడం తెలియనివాడు. ఇంట్లో ముసలివాళ్ల నోట విన్న తెలుగే ఆయన తెలుగు, మిగతాదంతా తమిళం. చేరిన రోజే నన్ను ‘వాసు’ అని పిలిచాడు.

“నా పేరు శ్రీనివాసులు సార్.”

“అదిదానప్పా, అదే. వాసు అంటే ఈజీ కదా?”

“మీకు ఈజీ. నేను మాత్రం పలకను.”

పలకలేదు కూడా. ఆయనకు కోపం నిలిచేది కాదు, కాబట్టి ఆయనే నేర్చుకున్నాడు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనిషి తన పేరును ఎవరైనా కత్తిరిస్తే ఊరుకోడన్న సంగతి ఈ ఉద్యోగంలో మొదటి పాఠం. రెండో పాఠం, యంత్రానికి ఆ సంగతి తెలియదు.

రాముడు మిగిలాడు, బియ్యం పోయింది

మా దగ్గరి పెద్ద యంత్రంలో ఫైలుకు ఎంత పొడుగు పేరైనా పెట్టవచ్చు. గోదాముల్లో ఉన్నవి అంతకు ముందు తరం కంప్యూటర్లు. వాటి లెక్కలో పేరంటే ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు, ఒక చుక్క, చుక్క తర్వాత మహా అయితే మూడక్షరాలు. అంతకు మించి వచ్చింది కత్తిరించి పారేసేవి. కత్తిరించామని చెప్పేవి కావు.

ఒక బియ్యం వ్యాపారి ఉండేవాడు. ముందు శ్రీరామజయం రాయనిదే కాగితం మీద మరో అక్షరం పెట్టడు. చిల్లర అంగళ్లకు పంపే ఫైళ్లకూ అలాగే పేర్లు పెట్టాడు: శ్రీరామజయం పొన్ని, శ్రీరామజయం నూకలు, శ్రీరామజయం ఇడ్లీ బియ్యం. అవతల ఎనిమిదో అక్షరం దగ్గర పేరు తెగిపోయి, అన్నీ ‘శ్రీరామజ’ అయి కూర్చున్నాయి. ఏది తెరిచినా ఒకటే వచ్చేది. ఆయన ఊగిపోతూ మా మేడ ఎక్కాడు.

“నూకలు అడిగినోడికి పొన్ని పోయినాది. పొన్ని అడిగినోడు నన్ను నడివీధిలో నిలబెట్టి అడగతా ఉండాడు. ఏమి మెయిలప్పా మీది?”

“పేరులో ముందు సరుకు రాయండి అయ్యా. శ్రీరామజయం చివర పెట్టుకోండి.”

“దేవుణ్ణి తోకలో కట్టమంటావా?”

“తోకలో వద్దు. ఉత్తరం లోపల, మొదటి వరుసలో పెట్టుకోండి. ఆడ ఎవరూ కత్తిరించరు.”

ఆయన కాసేపు ఆలోచించి, “లోపల ఉండేదే మేలు. బయట ఉంటే దుమ్ము పడతాది” అని దిగి వెళ్లిపోయాడు. మేం నవ్వుకున్నాం. నూకలకు బదులు పొన్ని పోతే ఎవరి ప్రాణమూ పోదు కనుక నవ్వగలిగాం.

శెట్టిగారి ఇంటికీ నాయనకూ మధ్య గోడ

కె.వి. పెరుమాళ్లు శెట్టిగారిది తొండియార్‌పేటలో రసాయనాల గోదాము. అద్దకం వాళ్లకు, చలువ చేసే వాళ్లకు బ్లీచింగ్ ద్రావకం అమ్మేవారు. అది మనలి నుంచి ట్యాంకరు బండిలో వచ్చి, గోదాములోని మూడో నంబరు ట్యాంకులోకి దిగేది. ఎప్పుడూ అదే సరుకు, అదే ట్యాంకు.

మేం పంపే ఫైలుకు అప్పటిదాకా ఒక నంబరే పేరు. శెట్టిగారు ఒకరోజు మా ఆఫీసుకు వచ్చి, మడత నలగని పంచెతో కుర్చీ అంచున కూర్చున్నారు.

“ఖైదీకి ఇచ్చినట్టు నాకు నంబరు ఇచ్చినారే. నాకు పేరు లేదా?”

మోహన్ నాయుడు లేచి నిలబడ్డాడు. “పెట్టేద్దాం శెట్టియార్. మీ పేరే పెట్టేద్దాం.”

“పెట్టేది సరిగ్గా పెట్టాల. కె, చుక్క, వి, చుక్క, పెరుమాళ్లు.”

నేను అడ్డుపడ్డాను. “చుక్కలు లేకుండా పెడితే మేలు శెట్టిగారూ. పేరు మధ్యలో చుక్క వస్తే కొన్ని యంత్రాలకు పడదు.”

ఆయన నా వైపు తిరిగారు. “కె అంటే మా ఇల్లు. వి అంటే మా నాయన వెంకటాద్రి. మధ్యలో చుక్క తీసేస్తే ఇల్లూ నాయనా నేనూ అందరమూ కలగాపులగం అయిపోతామే. ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఉండొద్దా?”

ఆ మాట నాకు తప్పుగా అనిపించలేదు. మా వైపు ఇనీషియల్స్ అలంకారం కాదు. అవి తీసేస్తే మనిషి ఎవరికీ చెందనివాడవుతాడు. అయినా సరైన మాటకు సరైన చోటు ఉండాలి. అది చెప్పేలోపు మా మేనేజరు ఒప్పేసుకున్నాడు. ఆ సాయంత్రమే కొత్త పేరుతో ఒక ఫైలు మా ఆఫీసు కంప్యూటరులోకే పంపుకుని, తెరిచి, “చూశావా శ్రీనివాసులూ, చుక్కలన్నీ భద్రంగా ఉన్నాయి” అన్నాడు.

మా కంప్యూటరు కొత్తది. శెట్టిగారిది పాతది. పంపినవాడు తన యంత్రంలో చూసుకుని సంతోషించడం ఈ వృత్తిలో అన్నిటికంటే పాత జబ్బు. ఇప్పటికీ ఉంది. పైనుంచి కింద దాకా ఉంది. గోదాము యంత్రంలో ఒకసారి చూద్దామని నేను అడిగాను. ఖాతాదారు దగ్గరికి వెళ్లి మన సరుకు మీద మనమే అనుమానం చూపించుకోవాలా అన్నాడాయన.

ఇదే సమయంలో శెట్టిగారు ఇంకో సరుకు మొదలుపెట్టాలనుకున్నారు. ఆమ్లం. దానికోసం ఒకటో నంబరు ట్యాంకును రబ్బరు పూత వేయించి సిద్ధం చేశారు. మొదటి బండి ఎప్పుడు బయల్దేరిందో మా మెయిలే చెప్పాలి. ఈ రెండు సరుకుల గురించి పాఠకులకు ఒక్క మాట తెలిస్తే చాలు. బ్లీచింగ్ ద్రావకంలో ఆమ్లం పడితే క్లోరిన్ పుడుతుంది. ట్యాంకు ఖాళీ అయినా అడుగున మిగిలిన తడి చాలు. ఆ గోదాము చుట్టూ గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్లు. తలుపులు వీధిలోకే తెరుచుకుంటాయి, పిల్లలు వీధిలోనే ఆడుకుంటారు.

‘చెరపమంటావా అని అడగతాది’

ఆ పొద్దున ఫోను చేసింది కన్నయ్య, శెట్టిగారి గుమాస్తా. నెరిసిన మనిషి, చిన్నతనం నుంచి ఆ అంగట్లోనే ఉన్నవాడు. కంప్యూటరును కూడా తూకంరాళ్లంత శ్రద్ధగా తుడిచి పెట్టుకునేవాడు.

“సార్, కన్నయ్యను మాట్లాడతా ఉండా. మీ మెయిలు మళ్లా పాత కాగితమే ఇచ్చినాది.”

“పాతదని ఎట్లా తెలుసు?”

“తేదీ చూస్తే తెలీదా? ఎప్పటిదో పాత లోడుది. పోయినతూరి గూడా ఇట్లనే వొచ్చినాది. సరుకు అదే గదా, ట్యాంకు అదే గదా అని ఊరుకొన్నా.”

“తెర మీద ఏం కనబడుతుందో ఒక్కొక్కటే చదవండి కన్నయ్యా.”

“చదివేదానికి ఏముండాది సార్? కె.వి. అని ఒక ఫైలు. ఆ పేరుతో ఈడ ముందే ఒకటి ఉండాది, దాన్ని చెరపమంటావా అని అడగతాది. అవునంటే వై కొట్టాల, కాదంటే ఎన్ కొట్టాల.”

“మీరేం కొట్టారు?”

“ఎన్.”

“ఎప్పుడూ ఎన్ కొడతారా?”

“ఇంకేమి కొడతా? పొద్దున్నే అంగడి తీసి, దీపం పెట్టి, కూర్చుంటానే మొదలాళి పేరు చెరపమంటావా అంటే అవునంటానా? మీరైతే అంటారా సార్?”

మొదలాళి అంటే వాళ్ల మాటలో యజమాని. నేనైనా అనను. ఏ అంగట్లో పెరిగినవాడూ అనడు.

జరిగినది అప్పటికి నా కళ్లకు కట్టింది. పాత యంత్రం మొదటి చుక్క దాకా ఉన్నదే పేరు అనుకుంది. అది ‘కె’. చుక్క తర్వాతి ‘వి’ని తోకగా తీసుకుంది. రెండో చుక్క తర్వాత వచ్చిన పెరుమాళ్లునూ, తేదీనీ, బండి నంబరునూ గాలికి వదిలేసింది. శెట్టిగారికి వచ్చే ప్రతి ఫైలూ ‘కె.వి.’ అయిపోయింది. మొదటిది వచ్చి కూర్చుంది. తర్వాత వచ్చిన ప్రతిదానికీ కన్నయ్య భక్తిగా తలుపు వేశాడు.

“కన్నయ్యా, ఈసారి అడిగితే...”

“ఉండండి సార్, ఇంకోతూరి తీసి చూస్తా. కొత్తది వొస్తే సరి. రాకుంటే ఉండేదే చాలు, ట్యాంకు నంబరు తెలిస్తే మాకు అంతే గదా.” ఫోను పెట్టేశాడు.

నేను మా యంత్రంలో ఆ రోజు శెట్టిగారికి పోయిన ఫైలు తెరిచాను. మొదటి వరుసలోనే ఉంది: సరుకు, ఆమ్లం. ట్యాంకు నంబరు, ఒకటి. బండి మనలి గేటు అప్పటికే దాటింది.

అది శెట్టిగారి గోదాముకు వెళ్తున్న మొదటి ఆమ్లం బండి. కన్నయ్య చేతిలో ఉన్న కాగితం మూడో ట్యాంకు అంటోంది.

నేను డయల్ చేశాను. ఎంగేజ్. మళ్లీ చేశాను. ఎంగేజ్. గోదాముకు ఉన్నది ఒకటే లైను. కన్నయ్య దానికి మోడెము తగిలించి, కొత్త కాగితం వస్తుందేమోనని మళ్లీ మెయిలు దించుకుంటున్నాడు. మా సేవే మా నోరు నొక్కింది.

‘నిండుకుంది’

మోహన్ నాయుడి గదిలోకి వెళ్లి విషయం చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. కానీ ముందు వచ్చిన మాట వేరు. “మన వల్లే అని అప్పుడే ఎవరికీ చెప్పకు. ముందు నేను మాట్లాడతా.”

తన ఫోను నుంచి ఆయనే ప్రయత్నించాడు. నేను బయట నా బల్ల దగ్గర మళ్లీ మళ్లీ డయల్ చేస్తూనే ఉన్నాను. మధ్యలో ఏ సందులోనో ఆయనకు లైను దొరికింది. కాసేపటికి గది తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ముఖంలో రక్తం తిరిగి వచ్చింది.

“భయం లేదప్పా. కన్నయ్యతో మాట్లాడేశా. మూడో ట్యాంకు ఫుల్‌గా ఉందంట. ఏమీ దించలేరు, అందుకే మన తప్పు సంగతి ఎత్తలేదు. బండి వచ్చి సుమ్మా, ఊరికే నిలబడుతుంది. నిదానంగా మధ్యాహ్నం వెళ్లి సరి చేద్దాం.”

మూడో ట్యాంకు నిండుగా ఉంటే ఇంకో బ్లీచింగ్ బండి వస్తోందని కన్నయ్య ఎందుకు అనుకుంటాడు, సరుకు అయిపోవస్తేనే కదా బండి తెప్పించేది అని నాకు తోచింది.

“సార్, మీరు ఏమడిగారు?”

“మూడో ట్యాంకు ఎలా ఉందని అడిగా.”

“అతను ఏమన్నాడు? అతను అన్న మాట చెప్పండి. ఆ మాటే చెప్పండి.”

“అదేప్పా, ‘నిండుకుంది సార్, బండి రానీ’ అన్నాడు. నిండు అంటే ఫుల్ కదా? నిండుకుండ అనరా?”

నేను లేచి నిలబడ్డాను.

మా ఇళ్లలో డబ్బాలో బియ్యం అయిపోతే ‘లేవు’ అనరు. ‘అయిపోయాయి’ అని కూడా అనరు. లేదన్న మాట పలికితే లేమి ఇంట్లోకి వస్తుందని భయం. ‘నిండుకున్నాయి’ అంటారు. అంగట్లో అయితే ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. వ్యాపారి నోట లేదు అన్న మాట రాకూడదు. పప్పు నిండుకుంది, నూనె నిండుకుంది. ఎంత ఖాళీ అయితే అంత నిండు.

“సార్, నిండుకుండ వేరు. అంగట్లో నిండుకుంది అంటే అడుగంటింది అని. ట్యాంకు ఖాళీగా ఉంది. బండి రాగానే అందులోకి దించుతారు.”

“ఆర్ యు షూర్?”

“ఆ మాట వింటూ పుట్టినవాణ్ణి సార్.”

ఆయన ఇక వాదించలేదు. ఇది ఆయన గురించి మంచిగా చెప్పవలసిన సంగతి. తప్పు తెలిశాక వాదించే అధికారులను తర్వాత చాలామందిని చూశాను. ఆయన స్కూటరు తాళాలు తీసుకుని మెట్లు దిగాడు, వెనకాలే నేను.

రాయపురం నుంచి తొండియార్‌పేట ఎంతో దూరం కాదు. కానీ హార్బరు రోడ్డు నిండా కంటెయినరు లారీలు ఒకదాని వెనక ఒకటి ఇంజను ఆపుకుని నిలబడి ఉన్నాయి. సందుల్లో పడ్డాం. చేపల బుట్టలు దించుతున్న ఆడవాళ్లు మా స్కూటరును, మా పూర్వీకులను కలిపి తిట్టారు. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. మనలి వైపు నుంచి గూడ్సు బండి, ఒక్కో వ్యాగనూ చూపించుకుంటూ పోతున్నట్టు కదులుతోంది.

గేటు పక్కన టెలిఫోను బూతు. లోపలికి దూరి డయల్ చేశాను. ఎంగేజ్. కన్నయ్య ఇంకా ఓపికగా మెయిలు తీస్తూనే ఉన్నాడు. మంచి పనివాడు. ఆ క్షణంలో అతను కాస్త సోమరి అయితే బాగుండుననుకున్నాను.

“మనకంటే ముందు బండి దాటి ఉంటుందా?” అన్నాడు మోహన్ నాయుడు.

నేను గేటు కింద నుంచి దూరి, చివరి వ్యాగను దాటగానే పట్టాలు దాటి పరుగు మొదలుపెట్టాను. నేను రోడ్డు మీద పరుగెత్తే మనిషిని కాను. మా ఇంట్లో మగవాళ్లు వీధిలో పరుగెత్తరు. ఆ రోజు పరుగెత్తాను.

గోదాములో

ట్యాంకరు బండి గోదాము ఆవరణలోకి వచ్చి నిలబడి ఉంది. దాని నుంచి నల్లటి రబ్బరు గొట్టం నేల మీద సాగి మూడో ట్యాంకుకు బిగించి ఉంది. పంపు మోత మొదలైంది. మేస్త్రీ ఏళుమలై, తలకు తువ్వాలు చుట్టుకుని, వాల్వు చక్రం మీద రెండు చేతులూ వేసి తిప్పుతున్నాడు.

“నిప్పాట్టు!” అని అరిచాను. అతనిది తమిళం. ఆపు అని అతని భాషలోనే అరవాలన్న తెలివి ఆ పరుగులో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

అతను తల తిప్పి చూశాడు. నేనెవరో అతనికి తెలియదు. అయినా గొంతులో ఏం విన్నాడో, చక్రాన్ని వెనక్కి తిప్పేశాడు. అప్పటికే కొంచెం వెళ్లింది. ట్యాంకు పైమూత సందులోంచి పచ్చటి ఆవిరి ఒక పొర లేచి, గోడ వైపు వాలింది. గొంతులో కత్తి గీసినట్టయింది. ఏళుమలై దగ్గుతూ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పంపు ఆపి, ఎదురుగాలి వైపు నన్ను లాక్కుపోయాడు. బండి డ్రైవరు అప్పటికే గేటు బయట ఉన్నాడు. గోడ అవతల ఎవరో పిల్లవాడు దగ్గడం వినబడింది. తర్వాత వాళ్లమ్మ కేకలు.

ఆవిరి పలచబడి, విరిగిపోయింది. వెళ్లింది కొంచెమే. ఇంకో నిమిషం అయి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు కూడా రాయబుద్ధి కాదు.

శెట్టిగారు లోపలి గది నుంచి వచ్చారు. కన్నయ్య ఆయన వెనక, చేతిలో కళ్లజోడుతో.

“ఎవరప్పా నువ్వు నా గోదాములో పని నిలిపేదానికి?”

చెప్పాను. మెయిల్ ఆఫీసు అనీ, అది బ్లీచింగ్ బండి కాదు ఆమ్లం బండి అనీ.

“కాగితంలో మూడు అనే ఉండాది!” అన్నాడు కన్నయ్య. “నేను చూసినా సార్, రెండుతూర్లు చూసినా.”

“ఆ కాగితం పాత లోడుది కన్నయ్యా. ఈ రోజుది లోపలికి రాకుండా మీరే ఆపుతున్నారు.”

అప్పటికి మోహన్ నాయుడు కూడా వచ్చి చేరాడు. నలుగురం కంప్యూటరు ముందు నిలబడ్డాం. తెర మీద ‘కె.వి.’ అని ఉంది. దాని కింద అదే ప్రశ్న. శెట్టిగారు వంగి చూశారు.

“పెరుమాళ్లు ఏడి?”

“రెండో చుక్క దగ్గర తెగిపోయినారు,” అన్నాను. “ఈ యంత్రానికి చుక్క అంటే పేరు అయిపోయిందని గుర్తు. మీ ఇల్లు మిగిలింది, మీ నాయన మిగిలినారు, మీరు లేరు. ఏ రోజు బండో, ఏ సరుకో, అదీ లేదు. మీకొచ్చే అన్ని కాగితాలకూ ఇదొక్కటే పేరు.”

ఆయన నిటారుగా అయ్యారు. “అయితే చుక్క తీసెయ్యాలంటావు.”

“పేరే తీసెయ్యాలంటాను. పేరు ఉత్తరం లోపల పెడతాం. ఎంత పొడుగైనా, ఎన్ని చుక్కలతోనైనా. ఫైలు మీద ట్యాంకు నంబరు, తేదీ, అంతే.”

“ఇంటిపేరు తీసెయ్యి, నాయన పేరు తీసెయ్యి అని సులభంగా చెప్తా ఉండావే. నువ్వు ఎవరింటి పిల్లోడివి?”

చెప్పాను. మండీ పేరూ చెప్పాను. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

“ఆ మిరపకాయల మండీ వాళ్లా? ఆ ఇంటి బిడ్డవు, జీతానికి ఉండావా?”

మోహన్ నాయుడు నేల చూశాడు. నేను చూడలేదు.

“ఉండాను శెట్టిగారూ. మా పేరు వీధిలో బోర్డు మీద ఎంత పెద్దగా ఉండేదో మీకు తెలుసు. బోర్డు మీద పేరుకు నేను ఇప్పటికీ తలవంచను. కానీ ఆ మేస్త్రీ చక్రం తిప్పేముందు చూసుకోవాల్సింది మీ పేరూ కాదు, నా పేరూ కాదు. ట్యాంకు నంబరు.”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఏళుమలై మెట్టు మీద కూర్చుని, నీళ్లతో గొంతు పుక్కిలించి ఉమ్ముతున్నాడు. గోడ అవతలి ఆడమనిషి ఇంకా అరుస్తూనే ఉంది.

“కన్నయ్యా, లెయ్యి,” అన్నారు శెట్టిగారు.

“అయ్యా, నేను కొడతా...”

“నువ్వు కొట్టొద్దు. నా పేరు నువ్వు చెరిపితే నీకు నిద్ర పట్టదు.” కుర్చీలో కూర్చుని మీటల మీద వెతుక్కుని, ఆయనే ఒక వేలితో ‘వై’ నొక్కారు. ఆ రోజు కాగితం తెర మీద తెరుచుకుంది. ఆమ్లం. ఒకటో ట్యాంకు.

మోహన్ నాయుడు అప్పుడు నోరు విప్పాడు. “శెట్టియార్, సరిచూడకుండా ఒప్పుకున్నది నేను. ఈ సాయంత్రానికి మారుస్తా. ఈ యంత్రంలోనే, ఇక్కడే కూర్చుని చూసి మారుస్తా.”

“మారిస్తివా సరి,” అన్నారాయన. క్షమించానని ఆయన అనలేదు, క్షమించమని మోహన్ నాయుడు అడగలేదు.

ఆయన లేచి ముందు గోడ అవతలికి వెళ్లారు, ఆ పిల్లవాణ్ణి చూడడానికి. పిల్లవాడికి ఏమీ కాలేదు, కళ్లు మండాయంతే. ఆ తల్లి మాటలన్నీ ఆయన చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. తిరిగి వచ్చాక మూడో ట్యాంకుకు తాళం వేయించి, తాళంచెవి తన నడుముకు దోపుకున్నారు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. ఇలాంటివి జరిగినప్పుడు పని ఆగిపోతుందని పుస్తకాలు రాసేవాళ్లు అనుకుంటారు. ఆగదు. బండి ఆవరణలో నిండా ఆమ్లంతో నిలబడి ఉంది. వెనక్కి తీసుకుపోవడం కంటే దించడమే మేలు. దించాల్సిందీ అదే మనిషి.

ఏళుమలై లేచి తువ్వాలు పిండి మళ్లీ తలకు చుట్టుకున్నాడు. గొట్టం ఊడదీసి నీళ్లతో కడిగించాడు. ఈడ్చుకెళ్లి ఒకటో ట్యాంకుకు బిగించాడు. కన్నయ్య అలవాటుగా లోపలి నుంచే ట్యాంకు నంబరు కేక వెయ్యబోయి, ఆగి, బయటికి వచ్చాడు. శెట్టిగారూ వచ్చి నిలబడ్డారు. పంపు మోత మొదలయ్యాక ఆ ఆవరణలో ఎవరి మాట ఎవరికీ వినబడదు.

ఏళుమలై చక్రం మీద చేయి పెట్టి, తిప్పకుండా మా వైపు చూశాడు. రెండో చేతిని పైకెత్తి ఒక వేలు చూపించాడు. కన్నయ్య ఒక వేలు చూపించాడు. శెట్టిగారు ఒక వేలు. మోహన్ నాయుడు. నేను.

అతను మా నలుగురి వేళ్లనూ, తన వేలినీ కలిపి ఒకసారి చూసుకున్నట్టు చూసి, చక్రం తిప్పాడు.